నంజప్ప చేసిన పని

గంగులయ్యకు ఎడమ చెవి వినపడదనీ, ఎడమ కాలు ఈడ్చుకుంటూ నడుస్తాడనీ పుంగనూరులో ఎరగనివాళ్ళు లేరు. ఎందుకలా అయిందో మాత్రం ఎవరికీ సరిగ్గా తెలియదు. మిలిటరీలో పోయిందంట అనుకునేవాళ్ళు. ఆయనా అంతకు మించి చెప్పేవాడు కాదు. సైన్యం నుంచి వచ్చాక మదనపల్లెలో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకి పట్టుకుని నిలబడి ఉద్యోగం చేశాడు. అదీ అయిపోయాక పుంగనూరులో భార్య నారాయణమ్మతో ఉంటున్నాడు. బస్టాండు దగ్గరి టీ అంగట్లో నలుగురూ చేరి యుద్ధం మాట ఎత్తితే, తాగుతున్న గ్లాసు బల్ల మీద పెట్టి లేచి వచ్చేసే మనిషి.

కార్గిల్ యుద్ధం జరిగిన మరుసటి ఏడు ఎక్కడ చూసినా సైనికుల మాటే. మదనపల్లెలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఉండేది. అందులో చరిత్ర చెప్పే లెక్చరర్ మురళికి ఒక ఆలోచన వచ్చింది. చుట్టుపక్కల మండలాల్లో ఉన్న పాత సైనికుల దగ్గరికి విద్యార్థులను పంపి, వాళ్ళ మాటలు క్యాసెట్లలో పట్టి, లైబ్రరీలో దాచాలనుకున్నాడు. ఆలోచన మంచిదే. అలా ఒక ఆదివారం పొద్దున నిమ్మనపల్లె అమ్మాయి ప్రసన్నలక్ష్మి, ఆమె క్లాసులోనే చదివే మహేష్ టేపురికార్డరు సంచిలో వేసుకుని గంగులయ్య ఇంటికి వచ్చారు.

"నా దగ్గర చెప్పేదానికి ఏమీ లేదు పాపా. వేరే ఎవుర్నన్నా అడగండి," అన్నాడు గంగులయ్య.

"మీరు చెప్పకపోతే మీతోనే పోతుంది గదా తాతా," అంది ప్రసన్నలక్ష్మి.

మహేష్ నాలుక కరుచుకున్నాడు. లోపలి నుంచి నారాయణమ్మ, "అదేం మాటే పిల్లా, ఇంటికొచ్చి అనే మాటేనా అది?" అని కసిరింది. గంగులయ్య మాత్రం ఆ పిల్ల మొహం చూస్తూ కూర్చున్నాడు. తనతో పోయేది తన సంగతి కాదు. నంజప్ప సంగతి. ఆ మాట ఇంతకాలం తనకు తట్టనే లేదు.

"ఈ క్యాసెట్టు ఎన్నాళ్ళుంటాది?" అని అడిగాడు.

"బీరువాలో పెట్టి తాళం వేస్తారు తాతా. రేపు మాకు పిల్లలు పుట్టినా వచ్చి వినొచ్చు."

"అయితే పెట్టు," అన్నాడు గంగులయ్య.

నంజప్పది కుప్పం పక్కన పల్లె. ఇద్దరూ బెంగళూరులో ఒకే రోజు ఇంజినీర్ల దళంలో చేరారు. పక్కపక్క మంచాలు. నంజప్ప మాటలో సగం తెలుగు, సగం కన్నడం. గోధుమ రొట్టె అంటే పడదు. సెలవుకు ఇంటికి పోయినప్పుడల్లా రాగిపిండి మూట కట్టుకొచ్చి, దొంగతనంగా సంగటి కెలికి, గంగులయ్యకు సగం పెట్టేవాడు. ఒకసారి హవల్దారు పట్టుకుని ఇద్దరినీ ఎండలో పరిగెత్తించాడు. ఆ సంగతి చెబుతూ గంగులయ్య నవ్వాడు. భర్త నోట సైన్యం మాట, ఆపైన నవ్వు, ఈ రెండూ కలిసి నారాయణమ్మ ఎన్నడూ విని ఉండలేదు. పొయ్యి వదిలేసి వచ్చి గడప మీద కూర్చుంది.

"డెబ్బై ఒకటి యుద్ధం అయిపోయిందమ్మా. అందురూ ఇండ్లకు పోతాండారు. మాకు మటుకు పని అప్పుడే మొదులైంది. పంజాబులో సేన్లనిండా మందుపాతరలు పాతిపెట్టినారు గదా, అవి ఏరేది మా పని. ఆవాల సేను పచ్చగా పూసుండాది. ఆ రైతులు గట్టు మింద కూసోని, ఎప్పుడు మా సేను మాకిస్తారా అని సూస్తాండారు. నేనూ, సెల్వరాజని ఒక అరవాయన, లోపల ఉండాము. ఒకటి పేలింది. నాకు సెవులో గుయ్యిమని ఒకటే మోత. కాలు ఉండాదో లేదో తెలీదు. సుబేదారు అరస్తాండాడు, దారి శుభ్రం సేసేవరకూ ఎవురూ లోపల అడుగు పెట్టొద్దని. అది రూలు. ఆయన తప్పేం లేదు."

గంగులయ్య కళ్ళు మూసుకుని చెబుతున్నాడు. రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్ళతో గాలిలో మెల్లగా పొడుస్తున్నాడు.

"నంజప్ప బోర్లా పడుకుని, బాయినెట్టు కత్తితో ఇట్ల నేలను పొడస్తా పొడస్తా వచ్చినాడు. 'రేయ్ గంగులూ, కదలాకు. నీ కింద ఏముండాదో నాకు తెలీదు' అన్న్యాడు. నడుముకుండే బెల్టు పట్టుకుని ఈడ్సుకుంటా పోయి గట్టు మింద యేసినాడు. మళ్ళా సెల్వరాజు కోసరం తిరుక్కున్న్యాడు. నేను వాని సొక్కా పట్టుకున్న్యా. ఇంగ పోవద్దురా అన్న్యా. ఇడిపించుకున్న్యాడు. సెల్వరాజును కూడా గట్టు దాకా తెచ్చినాడమ్మా. వాణ్ణి పైకి తోసినాడు. తోసేదానికి మోకాలు పక్కన ఆనించినాడు. ఆడ ఉండాది ఇంకొకటి."

మహేష్ తల వంచుకున్నాడు. ప్రసన్నలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుంది.

"యుద్ధం అయిపోయినాక సచ్చినాడని వానికి పతకం లేదు, ఏమీ లేదు. పనిలో ప్రమాదం అని రాసినారు. లారీ కింద పడినోడికి రాసినట్ల. సెల్వరాజు గూడా ఆస్పత్రిలో పోయినాడు. నేను ఆస్పత్రి నుంచి బయటికి రాంగానే కుప్పం పోయి వాళ్ళ నాయనకు జరిగింది జరిగినట్ల చెప్పినా. వాళ్ళ సెల్లెలు పార్వతి అప్పుడు సిన్నపిల్ల. స్తంభం పట్టుకోని ఇంటా ఉండాది. దాని పెండ్లికి నేనే అన్న లెక్కన నిలబన్న్యా." కళ్ళు తెరిచి ప్రసన్నలక్ష్మి వైపు తిరిగాడు. "నా పేరు రాయకపోయినా పరవాలేదు పాపా. నంజప్ప పేరు మటుకు రాయండి."

రాస్తామని ఆ పిల్ల మాట ఇచ్చింది. "కాఫీ తాగి పోండమ్మా," అని గంగులయ్య లేచాక మహేష్ టేపు ఆపాడు.

ఆగస్టు పదిహేనున కాలేజీలో సభ జరిగింది. పాత సైనికులందరినీ పిలిచి వేదిక మీద కూర్చోబెట్టారు. మైకు పెట్టె గంగులయ్యకు ఎడమ పక్కన ఉంది. ఆ సైనికుల మాటలతో కాలేజీవాళ్ళు అచ్చువేసిన పుస్తకం మురళి చేత్తో పట్టుకుని చదువుతున్నాడు గానీ ఈయనకు హోరు తప్ప ముక్క వినపడలేదు. మధ్యలో ఒకసారి 'నంజప్ప' అన్నట్టు మాత్రం చెవిన పడింది. అంతలో హాలంతా లేచి నిలబడింది. పిల్లలు, పెద్దలు, ఆడపిల్లలు ఆగకుండా చప్పట్లు కొడుతున్నారు. ఇన్నేళ్ళకు నంజప్ప కోసం ఇంతమంది లేచి నిలబడ్డారు గదా అనుకున్నాడు గంగులయ్య. ముఖ్య అతిథి శాలువా కప్పుతుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నిటారుగా నిలబడి జనానికి సెల్యూట్ కొట్టాడు. ఫోటో తీసినవాడు సరిగ్గా అప్పుడే తీశాడు.

ఇంటికి వచ్చాక అద్దాలు పెట్టుకుని, కాలేజీవాళ్ళు ఇచ్చిన పుస్తకం తీశాడు. నారాయణమ్మకు చదువు రాదు. "పైకి సదువు, నేనూ ఇంటా," అంది. తన పేరున్న పేజీ తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. నాలుగు వాక్యాలు చదివి ఆగిపోయాడు.

"ఏమైంది?" అంది ఆమె.

ఆయన మళ్ళీ మొదటి నుంచి చదివాడు, ఈసారి లోపలే. 'తన కాలు నుజ్జునుజ్జయినా లెక్కచేయక, గంగులయ్య మందుపాతరల నడుమ పాకుతూ వెళ్ళి, తోటి జవాన్లు నంజప్పనూ సెల్వరాజునూ గట్టుకు చేర్చాడు. దురదృష్టవశాత్తూ నంజప్ప ఆయన ఒడిలోనే కన్నుమూశాడు. జై హింద్ అన్నదే అతని ఆఖరి మాట.'

నంజప్ప ఆఖరి మాట అనేది ఏమీ లేదు. ఆ చప్పుడు తర్వాత నంజప్పలో మాట్లాడేందుకు ఏమీ మిగల్లేదు. ఆ సంగతి గంగులయ్య టేపులో చెప్పలేదు, నారాయణమ్మకూ చెప్పలేదు, కుప్పంలో నంజప్ప తండ్రికీ చెప్పలేదు.

"వాండ్లు పొరబాటున రాసినారేమో," అంది నారాయణమ్మ, విషయం విన్నాక.

"చప్పట్లు కొట్టింది నాకంటనే," అన్నాడు గంగులయ్య. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మరునాడు మొదటి బస్సుకే మదనపల్లె వెళ్ళాడు. మురళి ఎదురొచ్చి చేతులు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. చెడ్డమనిషి కాడు. తీరిక లేని మనిషి. పని మొదలుపెట్టే ఉత్సాహమే గానీ పట్టి చూసే ఓపిక లేని మనిషి. విషయం విని ప్రసన్నలక్ష్మిని పిలిపించాడు.

"నేను రాసిచ్చింది ఇట్ల కాదు సార్," అంది ఆ పిల్ల, మొహం ఎర్రబడి.

"నువ్వు సరిగ్గానే రాశావమ్మా. కాస్త సర్దింది నేనే." మురళి గంగులయ్య వైపు తిరిగాడు. "మీరే ఆలోచించండి గంగులయ్యగారూ. సభకు వచ్చింది మీరు. శాలువా కప్పాల్సింది మీకు. ఎవరో కాపాడితే బతికినాయనకు శాలువా ఎందుకప్పా అని జనం అడగరా? నంజప్పగారు లేరు. ఉంటే ఆయన్నే పిలిచేవాళ్ళం. పిల్లలకు ఎదురుగా ఒక మనిషి కనపడాలి గదా, స్ఫూర్తికి."

"నేను చెప్పింది టేపులో ఉండాది గదా సార్. అది బయటికి తీయండి. అందురికీ వినిపీండి."

లైబ్రరీ బీరువా తీయించారు. క్యాసెట్టు దొరికింది. పైన 'గంగులయ్య, పుంగనూరు' అని ప్రసన్నలక్ష్మి చేతిరాత. టేపులో పెట్టి మీట నొక్కారు. ఆడపిల్లలు గుంపుగా పాడుతున్న స్వాగత గీతం వచ్చింది. మధ్యలో ఎవరో "శ్రుతి తప్పింది, మళ్ళీ మొదలుపెట్టండి" అంటున్నారు. సభ ముందు పాట సాధన చేసుకునేందుకు ఖాళీ క్యాసెట్టు కనపడక, చేతికి అందింది వాడేశారట. తిప్పి రెండో వైపు వేశారు. అక్కడా పాటే. పాట అయిపోయింది. కాసేపు గరగర. ఉన్నట్టుండి గంగులయ్య గొంతు, "కాఫీ తాగి పోండమ్మా" అంది. టేపు ఆగిపోయింది.

మురళి క్యాసెట్టు బయటికి తీసి బల్ల మీద పెట్టాడు.

"రెండో ముద్రణలో తప్పకుండా సవరిద్దాం," అన్నాడు మురళి. ఆ పుస్తకానికి రెండో ముద్రణ ఎన్నడూ రాలేదు.

ప్రసన్నలక్ష్మి ఊరుకోలేదు. ఆయన్ను వెంటబెట్టుకుని పేపరు విలేకరి దగ్గరికి తీసుకుపోయింది. గంగులయ్య అంతా వివరంగా చెప్పాడు. కాపాడింది తాను కాదు, తననే నంజప్ప కాపాడాడని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. విలేకరి తలాడిస్తూ రాసుకున్నాడు. రెండు రోజులకు జిల్లా పేజీలో సభనాటి ఫోటో వేసి వార్త వచ్చింది. దాని పైన శీర్షిక: 'కీర్తి కోరని వీరుడు'. తాను చేసిన సాహసాన్ని కూడా అమరుడైన మిత్రుడి ఖాతాలో వేసి మురిసిపోయే వినయశీలి అని రాశారు. ఆ రోజు టీ అంగడతను లేచి నిలబడి రెండు చేతులతో గ్లాసు అందించాడు. గంగులయ్య అంగట్లోనే గట్టిగా అరిచాడు, "అది నేను కాదురా నాయనా!" అని. పక్కన కూర్చున్న పెద్దమనిషి మెచ్చుకోలుగా తలాడించి, "సూడండప్పా, మనిషంటే ఈయన," అన్నాడు.

ఇక ఎవరు ఏమనుకున్నా పరవాలేదు, కుప్పంలో పార్వతమ్మకు తెలిస్తే చాలనుకున్నాడు గంగులయ్య. పలమనేరులో బస్సు మారి, మధ్యాహ్నానికి కుప్పం చేరాడు. పార్వతమ్మ భర్త పట్టు గూళ్ళ వ్యాపారం చేస్తాడు. ఆ సమయానికి ఇంట్లో లేడు. ఆమె వాకిట్లో చాటతో బియ్యం చెరుగుతోంది. గంగులయ్యను చూసి లేచింది. ఇన్నేళ్ళలో ఎప్పుడు వచ్చినా "అన్నొచ్చినాడు" అని ఇల్లంతా వినపడేలా కేక వేసేది.

"రాప్పా, కూసో," అంది.

అన్నా అనకుండా పరాయివాణ్ణి పిలిచినట్టు 'అప్పా' అన్న ఆ పిలుపుతోనే గంగులయ్యకు అర్థమైపోయింది. అరుగు మీద కూర్చున్నాడు. పార్వతమ్మ లోపలికి పోయి నీళ్ళ చెంబుతో పాటు పుస్తకం కూడా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"మా లోకేషు కాలేజీ నుంచి తెచ్చినాడు. వాళ్ళ మామ పేరు అచ్చయిందని పరిగెత్తుకుంటా వచ్చి సదివి వినిపించినాడు."

"అది నేను చెప్పింది కాదు పార్వతీ. ఆ దేవుని తోడు. వాండ్లు మార్సి రాసినారు."

"శాలవ కప్పించుకున్న్యావు గదా. పేపరు ఫోటోలో జనానికి సెల్యూట్ కొడతాండావు."

"నాకు ఇనపళ్ళేదు తల్లీ. మీ అన్న పేరు చెప్తాండారని..."

పార్వతమ్మ చాట పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు. "ఆ పొద్దు నువ్వు కుంటుకుంటా వచ్చి మా నాయన ముందర కూసుంటివి. మా యన్న నిన్ను ఈడ్సుకోని గట్టు మింద యేసినాడని చెప్తివి. ఆ మాట పట్టుకోనే మా నాయన అన్నాళ్ళు బతికినాడు. నాకు ఒకటే చెప్పప్పా. ఆ పొద్దు ఆయనకు చెప్పింది అబద్ధమా? ఇప్పుడు దీంట్లో ఉండేది అబద్ధమా?"

"ఇదే అబద్ధం."

"నువ్వు చెప్పింది టేపు పట్టినారంట గదా. అది తెచ్చి వినిపీ."

పాటల సంగతి ఎలా చెప్పాలి? చెప్పినా ఎవరు నమ్ముతారు? అయినా చెప్పాడు. ఆమె విన్నది. విని, చెంగుతో పుస్తకం మీది దుమ్ము తుడిచింది.

"నేను నమ్మితే ఏమి, నమ్మకుంటే ఏమి. నా కొడుకు దీన్నే నమ్మినాడు. 'అమ్మా, మామను కాపాడాలని చూసింది మన పుంగనూరు మామేనంట, పోయి కాళ్ళకు మొక్కొద్దామా' అన్న్యాడు. వానికి ఏమని చెప్పేది? మీ తాతకు చెప్పింది ఒకటి, అచ్చయింది ఇంకొకటి అనా? పిల్లోళ్ళకు అచ్చయిందే నిజం." మళ్ళీ చాట అందుకుని, "బస్సుకు టయిమవుతాది," అంది.

నీళ్ళు తాగి, గంగులయ్య లేచి వచ్చేశాడు. ఆ తర్వాత కుప్పం వెళ్ళలేదు. రెండేళ్ళకు లోకేష్ పెళ్ళయింది. పత్రిక రాలేదు.

ఏడేళ్ళు గడిచాయి. ఏటా ఆగస్టు వచ్చేసరికి ఏదో ఒక బడి నుంచి పిలుపు వచ్చేది. మొదట్లో వెళ్ళి మైకు పట్టుకుని నిజం చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ చప్పట్లే పెరిగాయి. ఆ తర్వాత తలుపు తీయడం మానేశాడు. గర్వం వచ్చిందన్నారు కొందరు. నారాయణమ్మ వాళ్ళకు తానే సర్దిచెప్పి పంపేది.

ప్రసన్నలక్ష్మి టీచరయింది. పెద్దమండ్యంలో ఉద్యోగం. ఒక సెలవు రోజున పుంగనూరు వచ్చి ఆయన తలుపు తట్టింది. చేతిలో బొటనవేలంత రికార్డరు.

"తాతా, ఇందులో చెరిగిపోయేది ఉండదు. మూడు చోట్ల దాస్తా. మళ్ళీ ఒక్కసారి చెప్పండి. నేనే తీసుకుపోయి కుప్పంలో వినిపిస్తా."

గంగులయ్య కాదనలేదు. ఆ పిల్ల మీద ఆయనకు ఎన్నడూ కోపం లేదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. "నంజప్పది కుప్పం పక్కన పల్లె," అని మొదలుపెట్టాడు. బెంగళూరు చెప్పాడు. ఆవాల చేను దాకా వచ్చాడు. అక్కడ ఆగాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళి, మళ్ళీ అక్కడికే వచ్చి ఆగాడు.

"చెప్పండి తాతా. బోర్లా పడుకుని వచ్చినాడు గదా?"

"వచ్చినాడు. వచ్చినాడని నువ్వు చెప్తాండావు, నేనూ చెప్తాండా." గంగులయ్య కళ్ళు తెరిచాడు. "ముందు కండ్లు మూసుకుంటే వాని మొకం కనపడేది పాపా. మొకానికి మన్ను అంటుకోని, చెమట కారతా. ఇప్పుడు మూసుకుంటే ఆ సారు బల్ల కనపడతాది. పేపర్లో అచ్చరాలు కనపడతాయి. చాట పక్కన పెట్టి నా తట్టు చూసే పార్వతి కనపడతాది. కాదు కాదు అని ఇంతమందికి చెప్పి చెప్పి, వాడు ఎట్ల వచ్చినాడో మర్సిపోయినా."

"కొంచెం సేపాగి మొదలుపెడదాం తాతా."

"ఆగినా అంతే." ఆ చిన్న యంత్రం వైపు వంగి, పరాయివాడికి చిరునామా చెబుతున్నట్టు ఒక్కో మాట విడదీసి పలికాడు. "కాపాడింది నంజప్ప. బతికింది నేను. ఇంతే నాకు తెలిసింది. ఇంగ ఆపు తల్లీ."

ప్రసన్నలక్ష్మి ఆపింది. నారాయణమ్మ అన్నం తిని పొమ్మని బలవంతం చేస్తే సాయంత్రం దాకా ఉంది. గంగులయ్య ఆమె ఉద్యోగం గురించి అడిగాడు, పెద్దమండ్యం వైపు వానలు పడినాయా అని అడిగాడు, మదనపల్లెకు ఆఖరి బస్సు ఎన్నింటికో చెప్పి, బస్టాండు దాకా తోడు వచ్చాడు. నంజప్ప పేరు మాత్రం మళ్ళీ ఎత్తలేదు. ఎత్తుతాడేమోనని బస్సు వచ్చేదాకా ప్రసన్నలక్ష్మి రికార్డరు చేతిలోనే పట్టుకుని నిలబడింది.